బగ్ ఏ విభాగానిది? షెల్ స్క్రిప్టుతో తేల్చగలిగే నేర్పు, దానితో దొరికే ఉద్యోగాలు

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న విద్యార్థులు లోపాన్ని పట్టుకోవడంపై పెట్టే శ్రద్ధను, ఆ లోపాన్ని సరైన బృందానికి చేర్చడంపై సాధారణంగా పెట్టరు. సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని బగ్ అనీ, బగ్‌లను నమోదు చేసి అవి పరిష్కారమయ్యేదాకా వెంబడించే వ్యవస్థను బగ్ ట్రాకర్ అనీ అంటారు. మొజిల్లా ప్రాజెక్టు 1998లో వెలుగులోకి తెచ్చిన బగ్‌జిల్లా, నేడు కంపెనీల్లో విరివిగా వాడే జిరా ఈ కోవకు చెందినవే. వీటిలో కాంపొనెంట్ అనే గడి ఉంటుంది. లోపం సాఫ్ట్‌వేర్‌లోని ఏ భాగానిదో తెలిపేది అదే. ఆ గడిని తప్పుగా నింపితే నమోదు సంబంధం లేని బృందానికి చేరి, ఒకరి నుంచి మరొకరికి మారుతూ వారాల తరబడి పరిష్కారం లేకుండా ఉండిపోతుంది.

వచ్చిన బగ్‌లను పరిశీలించి, తీవ్రతను బట్టి, సంబంధిత విభాగాన్ని బట్టి వేరుచేసే పనిని ట్రయాజ్ అంటారు. ఈ మాట వైద్యరంగం నుంచి వచ్చింది. ఎడమ చేయి నొప్పితో సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వచ్చిన రోగి ఓపీ చీటీపై ఎముకల విభాగమని రాయాలో, గుండె పరీక్షకు పంపాలో నిర్ణయించడానికి ఎంత జాగ్రత్త కావాలో, ఇక్కడా అంతే జాగ్రత్త కావాలి. ఎందుకంటే లోపం కనిపించే చోటు, అది పుట్టిన చోటు తరచుగా వేర్వేరుగా ఉంటాయి.

తెలుగు లిపికి సంబంధించిన ఒక ప్రసిద్ధ ఉదాహరణే దీనికి సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో, జకారానికి ఞ ఒత్తు, దాని తర్వాత కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, ఆపై దీర్ఘం వరుసగా చేరిన అక్షరం తెరపైకి రాగానే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు మూతపడిపోయాయి. వాడుకరులకు తప్పు ఆయా యాప్‌లలో ఉన్నట్టు కనిపించినా, అసలు లోపం అక్షరాలను తెరపై కూర్చే కోర్‌టెక్స్ట్ అనే అంతర్గత భాగంలో ఉందని, ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 సవరణలో యాపిల్ పేర్కొంది. యాప్ పేరు మీద నమోదైన ఫిర్యాదులు ఎన్ని ఉన్నా, మరమ్మతు మాత్రం ఆ భాగంలోనే జరగాలి.

స్క్రిప్టు చేసే పని

లినక్స్ వంటి వ్యవస్థల్లో ఆదేశాలను స్వీకరించి అమలు చేసే ప్రోగ్రామును షెల్ అనీ, అలాంటి ఆదేశాలను వరుసగా రాసిపెట్టుకున్న ఫైలును షెల్ స్క్రిప్టు అనీ అంటారు. డెబియన్ లినక్స్ బగ్ ట్రాకర్‌లో ఫిర్యాదులు ప్యాకేజీల వారీగా, అంటే ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను కట్టి ఇచ్చే మూటల వారీగా ఉంటాయి కాబట్టి, తప్పు చేస్తున్న ఫైలు ఏ ప్యాకేజీదో తెలిస్తే విభాగం చాలావరకు తెలిసినట్టే. ఫైలు చిరునామా ఇస్తే డీపీకేజీ అనే ఆదేశం ప్యాకేజీ పేరు చెబుతుంది. ఫెడోరా లినక్స్‌లో ఆ పనిని ఆర్‌పీఎం చేస్తుంది.

తెరపై తెలుగు ఒత్తు విడిపోయి కనిపించిందనుకుంటే, స్క్రిప్టు మొదట ఎఫ్‌సీ-మ్యాచ్ ఆదేశంతో తెలుగుకు ఆ వ్యవస్థ ఎంచుకునే ఫాంటు ఫైలు ఏదో తెలుసుకుని, రీడ్‌లింక్ ఆదేశంతో ఆ ఫైలు అసలు చిరునామాను రాబట్టి, డీపీకేజీతో దాని ప్యాకేజీని, వెర్షన్‌ను ముద్రిస్తుంది. రీడ్‌లింక్ మెట్టును వదిలేయకూడదు. జావా వంటి ఆదేశాలకు పైకి కనిపించే చిరునామా కేవలం మరో ఫైలుకు దారి చూపే లంకె మాత్రమే కావడంతో, డీపీకేజీ దాని యజమానిని చెప్పలేకపోతుంది. ఆ తర్వాత ఆ ఒత్తు ఉన్న పదాన్ని రెండు మూడు ఫాంట్లతో హెచ్‌బీ-వ్యూ సాధనంలో గీయించి చూడాలి. ఒక్క ఫాంటులోనే ఒత్తు విడిపోతే అనుమానం ఆ ఫాంటు ప్యాకేజీ మీదికి, అన్నిటిలోనూ విడిపోతే అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ మీదికి, ఎక్కడా విడిపోకపోతే ఆ యాప్ మీదికి మళ్లుతుంది.

పెద్ద ప్రాజెక్టులు ఇలాంటి సాధనాలను తామే సమకూరుస్తాయి. మొజిల్లా బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ మూలకోడ్‌లో ఏ ఫైలు ఏ కాంపొనెంట్‌కు చెందుతుందో రాసి ఉంచడంతో పాటు, దాన్ని చెప్పే మాక్ అనే ఆదేశం కూడా ఉంది. లినక్స్ కెర్నెల్‌లో ఫైలు పేరు ఇస్తే బాధ్యుల వివరాలు చూపే గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు ఉంది. మొజిల్లా 2019లో ప్రకటించిన బగ్‌బగ్ పాత నమోదుల నుంచి నేర్చుకుని విభాగాన్ని సూచిస్తుంది. అయితే సాధనం ఏదైనా సూచన మాత్రమే ఇస్తుంది. ఫైర్‌ఫాక్స్ మెనూలో తెలుగు పదం తప్పుగా ఉంటే అది మొజిల్లా బగ్‌జిల్లాలో తెలుగుకు ప్రత్యేకించిన స్థానికీకరణ కాంపొనెంట్‌కు, అక్షరరూపమే చెడితే పాఠ్యం, ఫాంట్ల కాంపొనెంట్‌కు వెళ్లాలని నిర్ణయించేది భాష తెలిసిన మనిషే.

మూడు పట్టణాల విద్యార్థులకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విద్యార్థులు డిగ్రీ లేదా బీటెక్ ముగియగానే హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలకు బయలుదేరడం ఆనవాయితీగా మారింది; ఈ నేర్పుకు మాత్రం ఆ ఫీజూ, హాస్టల్ ఖర్చూ అవసరం లేదు. పాత కంప్యూటర్‌లో డెబియన్ లేదా ఉబుంటు వేసుకోవచ్చు, విండోస్ ఉన్నవారు అందులోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడుకోవచ్చు, ఫోన్ మాత్రమే ఉన్నవారు టెర్మక్స్ యాప్‌లో షెల్ ప్రాథమికాంశాలు సాధన చేయవచ్చు. గ్రెప్, ఆక్, సార్ట్, యూనిక్ ఆదేశాలపై పట్టు సాధించి, పై స్క్రిప్టును సొంతంగా రాసి, దానితో తేల్చిన ఒక నిజమైన బగ్‌ను నమోదు చేయడం తొలి లక్ష్యంగా ఉండాలి. నమోదుకు ముందు అదే లోపం ఇదివరకే నమోదై ఉందేమో వెతకడం, లోపం మళ్లీ తలెత్తేలా చేసే మెట్లను వరుసగా రాయడం తప్పనిసరి.

టెస్ట్ ఇంజినీర్, ప్రొడక్షన్ సపోర్ట్, డెవాప్స్ ఉద్యోగాల్లో లాగ్ ఫైళ్లు చదివి బాధ్యత ఏ బృందానిదో తేల్చడం రోజువారీ పని. ఇంటర్వ్యూలో తీవ్రతకు, ప్రాధాన్యానికి తేడా ఏమిటని అడిగినప్పుడు నిర్వచనం ఒప్పజెప్పే అభ్యర్థి కన్నా, తాను నమోదు చేసిన బగ్‌ను చూపి, దానికి ఆ విభాగాన్నే ఎందుకు ఎంచుకున్నదీ వివరించే అభ్యర్థి మాటకు బలం ఎక్కువ. తెలుగు చదవడం, రాయడం తెలిసిన విద్యార్థికి మరో సానుకూలత ఉంది: తెలుగు అక్షరం చెడిందని తెలుగువారు గుర్తించినంత తొందరగా ఇతరులు గుర్తించలేరు. ఆ పరిజ్ఞానాన్ని స్క్రిప్టు ఇచ్చే ఆధారంతో జోడించి సరైన విభాగానికి చేర్చిన ప్రతి నమోదూ విద్యార్థి రెజ్యూమెలో చూపదగిన పని అవుతుంది, తెలుగు వాడుకరులందరికీ సౌకర్యమూ అవుతుంది.