ఎవరి బిల్లు వాళ్లదే

చెల్లీ, మాస్టర్స్‌కని జర్మనీ బయల్దేరుతున్నావట కదా. ఆవకాయ, ప్రెషర్ కుక్కర్ అమ్మ ఎలాగూ సర్దేస్తుంది. నేను చెప్పేది అక్కడ స్నేహితులతో బయటికెళ్లినప్పటి డబ్బు సంగతి.

మన కాలేజీల్లో ఎలా ఉంటుంది? పుట్టినరోజొస్తే "పార్టీ ఎప్పుడే?", ప్లేస్‌మెంటొస్తే మళ్లీ పార్టీ. బిల్లు రాగానే "నువ్వాగు, నేనిస్తా" అని చేతులు పట్టుకుని లాక్కోవడం. లెక్క ఎవరూ రాయరు, అయినా అందరికీ గుర్తుంటుంది.

అక్కడ వెయిట్రెస్ లావుపాటి పర్సుతో బల్ల దగ్గరికొచ్చి, కలిపి ఇస్తారా, విడివిడిగానా అని అడుగుతుంది. విడివిడిగా అంటే ఒక్కొక్కరూ తిన్నదీ తాగిందీ చెబుతారు. ఆమె కూడి 13 యూరోల 50 సెంట్లంటే, 15 తీసుకోమంటారు, పైది టిప్పు. ఎవరి మొహంలోనూ ఇబ్బంది కనబడదు. మొదట్లో నీ మనసు చివుక్కుమంటుంది. పిసినారితనం అనుకోకమ్మా. చాలామంది చిన్న ఉద్యోగాలతోనో, ప్రభుత్వమిచ్చే బాఫెగ్ సాయంతోనో నెట్టుకొస్తున్నవాళ్లే. తన ఖర్చు పక్కవాళ్ల మీద పడకుండా చూసుకోవడం వాళ్ల మర్యాద.

నీ సంగతీ అంతే. 2024లో పెంచిన లెక్క ప్రకారం వీసా కోసం ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు నెలకు 992 చొప్పునే చేతికొస్తాయి. అద్దె, ఆరోగ్య బీమా, తిండి అందులోనే. అందరికీ ట్రీట్లిచ్చి మంచిపేరు తెచ్చుకోవాలని చూడకు. "ఈ నెల చేతిలో డబ్బుల్లేవు, రాలేను" అని చెప్పెయ్. ఎవరూ తక్కువగా చూడరు. మనకి ఆ మాట నోట రావడమే కష్టం, నాకు తెలుసు.

అసలు నాకు బెంగ ఖర్చవుతుందని గదిలో తలుపేసుకు కూర్చునే పిల్లల గురించే. శుక్రవారం సాయంత్రం తోటివాళ్లంతా వెళ్తుంటే, వీళ్లు ఫోన్లో సినిమా పెట్టుకుని ఒంటరిగా తింటారు. అక్కర్లేదు తల్లీ! అక్కడ సరదా అంటే రెస్టారెంట్ ఒక్కటే కాదు. ఎండ కాస్తే చాలు, సూపర్‌మార్కెట్‌లో ఏదో సీసా కొనుక్కుని నది ఒడ్డున గంటలు గంటలు కూర్చుంటారు. ఆ ఖాళీ సీసా తిరిగిచ్చేస్తే, కొన్నప్పుడు దానికి కట్టిన డిపాజిట్ వెనక్కొస్తుంది. మ్యూజియంలో, నాటకశాలలో విద్యార్థులకు తగ్గింపులుంటాయి. షేరింగ్ ఫ్లాట్లలో ఎవరి వంటింట్లోనో కలిసి వండుకుంటారు. నువ్వూ ఓ రోజు పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి పిలువు. ఏం తేవాలని అడుగుతారు, మొహమాటపడకుండా చెప్పు.

పుట్టినరోజంటావా, అక్కడా కేకు పట్టుకొచ్చేది పుట్టినరోజు వాళ్లే. ముందురోజే శుభాకాంక్షలు మాత్రం చెప్పకు, అపశకునమనుకుంటారు. నీ వంతొచ్చినప్పుడు బేకరీకి పరిగెత్తకు, ఇంట్లో చేసిందైతే వాళ్లు ఇంకా సంబరపడతారు.