సంగీత ఆరాధన సాయంకాలము – నేర్పువారు, నేర్చుకొనువారు

పఠన భాగములు: 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయము, 1 కొరింథీయులకు 14:15, 26, 40, కొలొస్సయులకు 3:16



వేలూరు, గుడియాత్తం ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో నేడు ఒక కొరత కనబడుచున్నది. పెద్దలు పుస్తకము చూడకయే కీర్తనలు పాడుదురు. పిల్లలు పుస్తకము పట్టుకొని ఊరక నిలుచుందురు. 2006లో చేసిన చట్టము మేరకు తమిళనాడు బడులలో తమిళము తప్పనిసరి పాఠమైనది. మన పిల్లలలో అనేకులకు తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. ఇది వారి తప్పు కాదు. నెలకొకసారి జరుగు సంగీత ఆరాధన సాయంకాలము ఈ కొరతను తీర్చగలదు. దానిని ఎట్లు నడుపవలెను?

1. లేఖనములోని మాదిరి: దావీదు కాలమున గానములో ప్రవీణులు 288 మంది. వారిని 24 వంతులుగా, వంతుకు 12 మందిగా ఏర్పరచిరి. చీట్లు వేసినప్పుడు నేర్పువానిని, నేర్చుకొనువానిని వేరు చేయలేదు. మేము మొదట ఈ సంగతి గ్రహింపక, మంచి గాత్రము గలవారినే మైకు ముందు నిలిపితిమి. మూడు నెలలలో సంఘమంతయు వినువారి గుంపాయెను. పిల్లలు వెనుక బల్లలపై నిద్రించిరి.

2. నేర్పు పద్ధతి: తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపించవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిరి. తెలిసిన కీర్తనలు రెండు పాడి, క్రొత్తది ఒక్కటే నేర్పుడి. ముందు భావము చెప్పుడి. మనస్సుతోను పాడవలెనని పౌలు బోధ. పిమ్మట పెద్దలు ఒక్కొక్క పాదము పాడగా పిల్లలు అందుకొనవలెను. గుడియాత్తములో మగ్గము నేర్చువాడు పెద్దల ప్రక్కన కూర్చుండియే నేర్చుకొనును గదా! తమిళ లిపిలో వ్రాసి ఇచ్చినయెడల క, గ లకు ఒకే అక్షరమగుటచేత పలుకు మారును. కనుక చెవితో నేర్పి, పల్లవిని నల్లబల్లపై తెలుగులో వ్రాయుడి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి వంటి భక్తుల కీర్తనలకు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకములో రాగతాళములు సూచింపబడినవి. హార్మోనియము వాయించువారు వాటిని ముందుగా చూచుకొనవలెను. తాళములు పిల్లల చేతికియ్యుడి.

3. క్రమము: ప్రతి నెల అదే వారము, అదే సమయము. గంటన్నర మించరాదు. వాక్యమునకు పది నిమిషములు, సాక్ష్యములు రెండు, ముగింపు ప్రార్థన. నడిపింపు కుటుంబముల వంతున ఉండవలెను. మూడు నెలలకొకసారి రెండు ఊళ్లవారు కూడుకొనినయెడల, తిరుగు బస్సు అందునట్లు ముగించుడి.

4. అతిథులు: 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒక్క పడకతో ఆరంభించిన పని నేటి వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రియైనది. అచ్చటికి తెలుగునాటనుండి వచ్చి, రోగులవద్ద కనిపెట్టుకొనియుండు బంధువులను పిలువుడి. భాష తెలియని ఊరిలో ఒక తెలుగు కీర్తన వారికెంతో ఆదరణ. వారియొద్ద కానుక ఆశింపకుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

అ) పుస్తకము చూడకయే పాడగల వృద్ధులు మన సంఘములో ఎందరు? వారియొద్ద ఎవరు నేర్చుకొనుచున్నారు?

ఆ) వచ్చే నెలలో మనము నేర్పబోవు కీర్తన ఏది?

మొదటి ప్రశ్నకు జవాబు ఈ ఆదివారమే వ్రాసికొనుడి. ఆ వృద్ధులు మనతో ఉన్నప్పుడే నేర్చుకొనవలెను.