సిరప్‌ల సంగతి తర్వాత

సాహితీ,

నీ ఉత్తరం అందింది. థైరాయిడ్ తగ్గిందన్న లాబ్రడార్‌కి మీ క్లినిక్‌లో యాంటీ ఆక్సిడెంట్ సిరప్‌లు రాశారని, అవి పనికొస్తాయా అని అడిగావు. సిరప్‌ల సంగతి తర్వాత. ముందు గ్రంథి దగ్గరికి రా.

థైరాయిడ్ హార్మోన్ తయారవ్వాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. గ్రంథి దాన్ని తనే పుట్టించుకుంటుంది. పెరాక్సిడేజ్ ఎంజైమ్ దాని సాయంతోనే అయోడిన్‌ని థైరోగ్లోబ్యులిన్‌కి అతికిస్తుంది. కొలిమి పక్కన కమ్మరి నీళ్లతొట్టి పెట్టుకున్నట్టు, గ్రంథి కణాలు మిగిలిన పెరాక్సైడ్‌ని చల్లార్చే, సెలీనియం ఉన్న గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ని దగ్గర ఉంచుకుంటాయి. అంచేత ఆక్సీకరణ అనగానే రోగం అనుకోకు.

హార్మోన్ తగ్గితే ఒంట్లో ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది కదా, ఫ్రీ రాడికల్స్ కూడా తగ్గాలి కదా అని నీకు అనిపించవచ్చు. అనిపించడం న్యాయమే. కానీ ఈ కుక్కల్లో నూటికి డెబ్భై అయిదింటికి అటూ ఇటుగా కొలెస్టరాల్ పెరుగుతుంది. కొవ్వు రక్తంలో ఎక్కువసేపు తిరిగితే ఆక్సీకరణకి దొరికే సరుకూ పెరుగుతుంది. అలా కొవ్వు ఆక్సీకరించినప్పుడు పుట్టే మాలాన్‌డైఆల్డిహైడ్‌ని కొలిచేది అందుకే. అయితే ఆ అంకెను చూసి థైరాయిడ్ జబ్బని తేల్చకూడదు.

ఎందుకో చెబుతాను, ఇది జాగ్రత్తగా చదువు. చర్మం పాడై, చెవులు కారుతూ, లోపల ఏదో మంట రగులుతున్న కుక్కలో ఆక్సీకరణ ఒత్తిడి ఎలాగూ పెరుగుతుంది. అదే జబ్బు వల్ల, థైరాయిడ్ బాగానే ఉన్నా, రక్తంలో టీ4 (థైరాక్సిన్) అనే థైరాయిడ్ హార్మోన్ పడిపోతుంది. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి ఒకటి రెండోదానికి కారణమనేస్తే పప్పులో కాలేసినట్టే. ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటోన్, దురదకి వాడే ప్రెడ్నిసొలోన్, సల్ఫా మందులు కూడా టీ4ని కిందికి లాగుతాయి. గ్రేహౌండ్ లాంటి వేటజాతులకి పుట్టుకతోనే అది తక్కువ. టీ4 తగ్గి, గ్రంథిని ఉసిగొల్పే హార్మోన్ టీఎస్‌హెచ్ పెరిగి, లక్షణాలూ కలిస్తేనే నమ్ము. టీఎస్‌హెచ్ పెరగని అసలు రోగులూ ఉంటారు. అప్పుడు రక్తంలో ప్రోటీన్లకి అంటుకోని ఫ్రీ టీ4 పరీక్ష చేయించాలి.

జబ్బు నిజమైతే మందు లీవోథైరాక్సిన్. కిలోకి 20 మైక్రోగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఖాళీ కడుపున. 30 కిలోల కుక్కకి పూటకి 600 మైక్రోగ్రాములు! మెడికల్ షాపతను చీటీ చూసి తప్పు రాశారేమో అంటాడు, ఎందుకంటే మనుషుల్లో చాలామంది రోజుకి 100 మైక్రోగ్రాముల దగ్గరే ఉంటారు. కుక్క పేగులు ఈ మందుని సరిగ్గా పీల్చవు, పీల్చినదీ మనకి వారం నిలిస్తే దానికి ఒక పూట నిలవడం కష్టం. నెల దాటాక, మాత్ర వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రక్తం తీసి చూడాలి. మోతాదు మించితే రొప్పు, అశాంతి, బరువు తగ్గడం మొదలవుతాయి. జీవక్రియ అతిగా పరుగెత్తి ఆక్సీకరణ అప్పుడూ పెరుగుతుంది. సరిపోతే వారం రెండు వారాల్లో హుషారు వస్తుంది, కొలెస్టరాల్ దిగుతుంది. ఊడిన జుట్టుకి మాత్రం నెలలు పడుతుంది, యజమానికి ముందే చెప్పు.

ఇక సిరప్‌లు. వాటిలో విటమిన్ సి ఉంటే, దాన్ని కుక్క కాలేయం తనే చేసుకుంటుంది. సెలీనియం ఉంటే, అది మోతాదు మించితే విషం. నాకు వాటికన్నా భయం వెల్లుల్లి. కొవ్వు తగ్గుతుందని ఇంట్లో వాళ్లు అన్నంలో నలిపి పెడతారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రకణాలనే ఆక్సీకరించి పగలగొడతాయి. థైరాయిడ్ తగ్గిన కుక్కల్లో కొన్నిటికి అసలే కాస్త రక్తహీనత ఉంటుంది.

ఆ లాబ్రడార్‌కి ప్రెడ్నిసొలోన్ ఏమైనా నడుస్తోందా, గిన్నెలో ఏం పెడుతున్నారు, యజమానిని అడిగి రాయి. టీఎస్‌హెచ్ రిపోర్టు కూడా జత చెయ్యి.

ఇట్లు,
నీ బాబాయి