సెయింట్ హెలీనా చిరంజీవి

ఆకులన్నీ రాలిన మొక్కను చూచి, ఎండిపోయినదని భావించి నీరు పోయడం సహజం. పెలార్గోనియం కోటిలిడోనిస్ అనే మొక్కకు ఆ నీరే ప్రాణాంతకం.

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆఫ్రికా తీరానికి సుమారు 1,900 కిలోమీటర్ల దూరాన ఉన్న సెయింట్ హెలీనా ద్వీపం దీని జన్మస్థానం. మరెక్కడా ఇది సహజంగా పెరగదు. మట్టీ నీరూ లేకున్నా నెలల తరబడి ప్రాణం నిలుపుకొనగలదు కనుక, ద్వీపవాసులు దీనికి ‘చిరంజీవి తాత’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. మన నీలగిరులలో సుగంధ తైలం కోసం సాగుచేసే జెరేనియం కూడా వాస్తవానికి పెలార్గోనియం ప్రజాతికి చెందినదే. 1789లో ఈ ప్రజాతిని జెరేనియం నుండి వేరుచేసినా, వాడుకలో పాత పేరే నిలిచిపోయింది. అయితే నీలగిరి మొక్క ఆకులతో గుబురుగా ఉంటుంది. ఈ ద్వీపపు మొక్కకు లావైన, రసభరితమైన కాండం, గుండ్రని ఆకులు, గుత్తులుగా పూచే తెల్లని పూలు ఉంటాయి.

16వ శతాబ్దంలో పోర్చుగీసు నావికులు విడిచిన మేకలు ద్వీపంలోని పచ్చదనాన్ని చాలవరకు మేసివేశాయి. ఈ మొక్క నిటారైన కొండచరియలపై మిగిలింది. అక్కడ రాతి సందులలో మట్టి స్వల్పం. వాన కురిసినా నీరు నిలువదు.

కుండీలో పెంచేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. అడుగున రంధ్రమున్న మట్టి కుండీలో సగానికి పైగా ముతక ఇసుక, సన్నని కంకర కలిపిన మట్టి నింపాలి. ఎండ బాగా తగలాలి. ఆకులున్నంత కాలం, మట్టి ఆరిన తరువాతనే నీరు పోయాలి. ఆకులు పండి రాలడం మొదలయితే క్రమంగా తగ్గించి, పూర్తిగా రాలిన పిదప దాదాపు మానివేయాలి. ఆకులు లేనప్పుడు మొక్క నీటిని పీల్చి ఆవిరిగా విడువలేదు. తడి నిలిచిన మట్టిలో వేళ్ళకు గాలి అందదు. శిలీంధ్రాలు ప్రవేశించి కాండం కుళ్ళుతుంది. మన ప్రాంతపు వర్షాకాలంలో కుండీని తప్పక చూరు కిందికి మార్చాలి.

సందేహం కలిగితే కాండాన్ని వ్రేళ్ళతో నొక్కి చూడవచ్చు. గట్టిగా ఉంటే మొక్క నిద్రిస్తున్నదని అర్థం. మెత్తబడితే కుళ్ళు ఆరంభమైనట్లే. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న కొమ్మను శుభ్రమైన కత్తితో కోసి, కోత ఆరేవరకు కొద్దిరోజులు నీడలో ఉంచి, పొడి ఇసుకమట్టిలో నాటాలి. ఈ విషయంలో తొందర కూడదు. తడి కోతను నాటితే అదీ కుళ్ళుతుంది.

కాండం కొనలో చిగురు కనిపించిన రోజున మళ్ళీ నీరు పోయడం ప్రారంభించాలి, మొదట కొద్దిగానే.