ధాతు శబ్దము: శాస్త్రభేదమున అర్థభేదము

వైయాకరణునకు, వైద్యునకు, గాయకునకు, లోహవిద్య నెరిగినవానికి సమానముగా చెల్లిన పదములలో ‘ధాతువు’ ఒకటి. ఒకే శబ్దమునకు ఇన్ని యర్థము లెట్లు కలిగినవి? ఏ చోట ఏ యర్థమును గ్రహింపవలెను?

ధారణ పోషణములను తెలుపు ‘ధా’ నుండి ఈ శబ్దము పుట్టినది. నిలిపియుంచునది, ఆధారమైనది అనుట దీని మూలభావము. శాస్త్రములన్నియు ఈ భావమునే తమ తమ విషయములకు అన్వయించుకొన్నవి.

వ్యాకరణమున ధాతువు క్రియకు మూలరూపము. పాణినీయ ధాతుపాఠమున సుమారు 2000 ధాతువులు 10 గణములుగా కూర్పబడినవి. గమనము, గతి, ఆగమము అను పదములకు ‘గమ్’ ధాతువే ఆధారము. ఆయుర్వేదమున రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను 7 ధాతువులు దేహమును ధరించుచున్నవి. తెలుగునాట ‘ధాతువు చూచుట’ యనగా నాడిని పరీక్షించుట. సంగీతమున సాహిత్యభాగము మాతువు, స్వరరచన ధాతువు. రెండింటిని రచింపగలవాడే వాగ్గేయకారుడని 13వ శతాబ్ది నాటి శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరము నిర్వచించినది. రసశాస్త్రమున బంగారము, వెండి, రాగి మున్నగునవి ధాతువులు. హిందీలో నేటికిని లోహమే ధాతువు. తెలుగు రసాయనశాస్త్ర గ్రంథములలో మాత్రము లోహమును తీయుటకు తగిన ముడిఖనిజము ధాతువు.

బౌద్ధులకు పూజ్యుల శరీరావశేషము ధాతువు. దానిని లోన దాల్చిన స్తూపము ధాతుగర్భము; సింహళమున ‘దాగబ’ యను మాట దీని నుండి వచ్చినదే. 1892లో భట్టిప్రోలు స్తూపమున అలెగ్జాండర్ రీ వెలికితీసిన మంజూషికలపై గల ప్రాకృత శాసనములలో బుద్ధుని ‘శరీర’ మను మాట కలదు. ఆ వస్తువునే బౌద్ధపరిభాష ధాతువనినది.

సమాసములలో పొరపాటునకు అవకాశ మధికము. ధాతుపాఠము లోహముల పట్టిక కాదు. ధాతువాదము వ్యాకరణచర్చ కాదు; హీనలోహమును బంగారముగా మార్చెడి విద్య. ధాతుక్షయము గని తరుగుట కాదు, దేహధాతువుల క్షీణత. తాళపత్రముల సూచి కూర్చువాడు పేరు మాత్రమే చూచి వర్గీకరించినచో రసశాస్త్రగ్రంథము వ్యాకరణముల నడుమ చేరును. దానిని వెదకు పరిశోధకునకు ఆ గ్రంథము ఉండియు లేనట్లే.

అనేకార్థకమగు శబ్దమునకు అర్థమును నిర్ణయించు హేతువులలో సంసర్గము, సాహచర్యము, ప్రకరణము మున్నగువానిని భర్తృహరి వాక్యపదీయమున పేర్కొనెను. ధాతు శబ్దమునకు ఇరుగుపొరుగు పదములే తొలి సాక్షులు. గణము, ప్రత్యయము తోడున్నచో వ్యాకరణము. దోషము, మలము తోడున్నచో వైద్యము. పుటము, భస్మము తోడున్నచో రసశాస్త్రము. కావున నిఘంటుకర్త అర్థములను వరుసగా చెప్పి విడువక, ప్రతి యర్థమునకు అది చెల్లెడి శాస్త్రమును కూడ సూచించుట యుక్తము.