వాయి వాయిగా జరిగే పని

పోయిన నెల మా వీధిలో చానామందికి గృహలక్ష్మి రెండు వేలు పడినాయి. మా అమ్మకు పడలేదు. బ్యాంకులో అడిగితే "ప్రాసెస్‌లో ఉంటుందమ్మా, రెండు రోజులు చూడండి" అన్నారు. చూసి మళ్లీ పోయింది. అదే మాట. ఆ 'ప్రాసెస్' లోపల ఏం జరుగుతుందో కంప్యూటర్ చదివే అక్కలను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. తెలుగు విభాగం గోడపత్రికలో ఇదెందుకు అనుకోకండి. దీనికి సరైన మాట మన వంటింట్లోనే ఉంది.

ఇంగ్లీషులో బ్యాచ్ అన్నది మనకు వాయి. ఆ ఇంగ్లీషు మాట కూడా రొట్టె కాల్చడానికి సంబంధించిన మాటలోంచే పుట్టింది! దోసె ఒక్కొక్కటే పోస్తాం, అడిగినవాళ్లకు అప్పుడే వేస్తాం. ఇడ్లీ అట్ల కాదు. ప్లేట్లన్నీ నింపి ఒక వాయి పెడతాం, అన్నీ ఒకేసారి దిగుతాయి. ఫోన్‌లో పంపే యు.పి.ఐ. దోసె లాంటిది. నెఫ్ట్ ఇడ్లీ లాంటిది. 2019 డిసెంబర్ 16 నుంచి నెఫ్ట్ రాత్రీపగలూ నడుస్తోంది, అరగంటకొక వాయి చొప్పున రోజుకు 48 వాయిలు. ఒక వాయి తేలిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు డబ్బు జమ చేయాలి, లేదంటే తిప్పి పంపాలి.

ఇట్లాంటి పనులను పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్లలో, అంటే జర్మనీ ఎస్.ఏ.పి., మన బెంగళూరు ఇన్ఫోసిస్ వాళ్ల ఫినాకిల్ వంటివాటిలో, తెర వెనక నడిపిస్తారు. ఎవరూ ఎదురుగా కూర్చుని మీటలు నొక్కరు. పని ఎప్పుడు మొదలవుతుందన్నదాన్ని బట్టి రకాలు. గడియారం చూసి మొదలయ్యేవి కొన్ని, నెఫ్ట్ వాయిల లాగా. ఏదో ఒకటి జరిగితేనే కదిలేవి కొన్ని, పైనుంచి పేర్ల ఫైలు రాగానే జమ చేయడం మొదలైనట్టు. మనిషి అడిగినప్పుడు నడిచేవి కొన్ని, ఏడాది లెక్కల రిపోర్టు లాంటివి. ఎస్.ఏ.పి.లో వీటికి ఏ, బి, సి అని తరగతులు కూడా ఉన్నాయి, ఏ తరగతి పనికి ముందు దారి ఇస్తారు.

నాలుగోది గొలుసు. ముందుది ముగిస్తేనే తరవాతిది. బ్యాంకులో రోజు ముగింపు పని ఇదే. ఆ రోజు జమలూ ఖర్చులూ అన్నీ ఎక్కాలి, అప్పుడే నిల్వ తేలుతుంది, నిల్వ తేలితేనే వడ్డీ. ఈ గొలుసు రాత్రి రాత్రీ నడవడం వల్ల మనకు కలిగిన లాభం ఒకటి చెప్తాను. 2010 ఏప్రిల్ 1కి ముందు పొదుపు ఖాతాలో నెల 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కట్టేవాళ్లు. ప్రతి ఖాతాకూ రోజురోజూ లెక్క చేతితో ఎవరు వేస్తారు? పది వేలు ఉంచుకుని 25న తొమ్మిది వేలు తీస్తే, అప్పటి మూడున్నర శాతం చొప్పున ఆ నెల వడ్డీ 2 రూపాయల 92 పైసలు. రోజువారీ లెక్కలో అదే నెలకు, 30 రోజులనుకుంటే, 23 రూపాయల 59 పైసలు వస్తుంది. కూలి డబ్బులు వేసి నెలాఖరున తీసుకునేవాళ్లకే పాత పద్ధతిలో ఎక్కువ నష్టం.

గొలుసు తెగితే? 2012 జూన్‌లో బ్రిటన్‌లో ఆర్.బి.ఎస్. బ్యాంకు, ఏ పని తరవాత ఏ పని అని నడిపే సాఫ్ట్‌వేరును మార్చబోయింది. బెడిసింది. రాత్రి పనులు ముగియక నిల్వలే తేలలేదు, 65 లక్షలకు పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. 2014లో 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా పడింది. డబ్బు ఎవరూ దొంగిలించలేదు, వరస తప్పింది, అంతే.

ఇంకొకటి. ఒక ఇడ్లీ చెడిందని వాయంతా పారబోయం కదా. వేల పేర్ల ఫైలులో ఒకరి వివరం తప్పితే ఆ ఒక్కటీ పక్కకు తీసి, మిగతావి జమ చేస్తారు. కాబట్టి పక్కింటివాళ్లకు పడి మనకు పడకపోతే మూడు సంగతులు ఉండొచ్చు: మన పేరు తరవాతి వాయిలో ఉండొచ్చు, తిరిగిపోయి ఉండొచ్చు, వేరే ఖాతాలో పడి ఉండొచ్చు. మొదటిదానికైతే ఎదురుచూడాలి. మిగతా రెండింటికీ ఎన్ని రోజులు చూసినా లాభం లేదు. ఆధార్ మీద వచ్చే డబ్బు పాసుబుక్కు చూసి పడదు. ఆధార్‌ను ఆఖరున ఏ బ్యాంకుకు జోడిస్తే అక్కడ పడుతుంది.

మూడోసారి అమ్మతో నేనూ పోయినాను. "ఎప్పుడు పడుతుంది సార్" అని అడగలేదు. "మా అమ్మ ఆధార్ ఇప్పుడు ఏ బ్యాంకుకు జోడించి ఉంది?" అని అడిగినాను. అయిదు నిమిషాల్లో తేలింది. సంఘం లోను కోసం మొన్న ఇంకో బ్యాంకులో తెరిచిన ఖాతాకు. రెండు వేలు అప్పుడే అక్కడ పడున్నాయి.