పైపులన్నీ ఒకే కట్టలోనా?

ప్రశ్న: కరోల్ బాగ్‌లో సరుకు తోలే మా 8 ఏళ్ల డీజిల్ టాటా ఏస్ కింద రబ్బరు పైపులు వేలాడుతుంటే, మెకానిక్ వైర్లతో కలిపి కేబుల్ టైలతో బిగించాడు. పర్వాలేదా అండీ?

జవాబు: ఆ కట్టు ఇవాళే విప్పించండి. డీజిల్ పైపు, బ్యాటరీ వైరు ఒరుసుకుంటే వైరు తొడుగు లేచిపోతుంది. నిప్పు పుట్టడానికి అది చాలు. కశ్మీరీ గేట్ విడిభాగాల దుకాణాల్లో రబ్బరు లైనింగ్ క్లాంపులు అడగండి. వాటితో పైపులను సైలెన్సర్‌కు దూరంగా ఛాసిస్‌కు పట్టించండి. స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఊగుతుంది, కాబట్టి కాస్త వదులు ఉంచాలి. బ్రేకు హోస్‌ను మాత్రం కంపెనీ ఇచ్చిన బ్రాకెట్‌లోనే ఉండనివ్వండి. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, టైరుకు తగలడం లేదని చూసుకోండి. ఢిల్లీ ఎండలకు రబ్బరు గట్టిపడుతుంది. వంచినప్పుడు పగుళ్లు కనిపిస్తే ఆ పైపు మార్చాల్సిందే.